తీగ లాగితే పళ్ళాసుపత్రి కదిలింది

ఆ రోజు కళ్ళద్దాల షాపుకు సెలవు. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, భోజనం వేళ వరకు పడక కుర్చీలో వాలి ఉండాలన్నది కూపీ వేసుకున్న పథకం. అతనికి అసలు పేరు వేరే ఉంది గాని, షాపు యజమాని దగ్గర్నుంచి కన్నతల్లి దాకా అందరూ కూపీ అనే పిలుస్తారు. దేన్నయినా ఒకసారి పట్టుకున్నాడంటే దాని పుట్టుపూర్వోత్తరాలు కూపీ లాగందే వదలడు. చిన్నప్పుడు అలారం గడియారంలో చప్పుడు ఎవరు చేస్తున్నారో చూద్దామని విప్పాడు. చేసేవాళ్ళు దొరకలేదు. ఆ తరవాత చప్పుడూ లేదు.

పేపరు రెండో పేజీలో ఉండగా, గేటు దగ్గర ఫోను మాట్లాడి లోపలికొచ్చిన భార్య మొహం చూసి పేపరు మడిచాడు.

ఆవిడ దుబాసీ. అయితే రెండు భాషల మధ్య కాదు, చెవులు వినపడని వాళ్ళ సైగల భాషకూ మామూలు మాటకూ మధ్య. పడకగదిలో వెనక గోడకు నీలం దుప్పటి కట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో డాక్టర్లు చెప్పేది పేషెంట్లకు చేతులతో చెబుతుంది, పేషెంట్లు చేతులతో చెప్పేది డాక్టర్లకు నోటితో చెబుతుంది. పని బాగా తెలిసిన మనిషే గాని, ఇంట్లో ఇంటర్నెట్టు నత్తకు అన్నగారు. పోయిన వారం ఒక డాక్టరు "భయపడాల్సింది ఏమీ లేదు" అన్నాడు. ఆవిడ చేతులు "భయం" దాకా వెళ్ళాయి, బొమ్మ అక్కడే బిగుసుకుపోయింది. "లేదు" అన్నది చేరేలోపు అవతల పేషెంటు వీలునామా గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు.

"ఇవాళ మూడింటికి ఎవరో కొత్త క్లినిక్ వాళ్ళట" అంది ఆవిడ కుర్చీలో కూలబడి. "ఇది సవ్యంగా జరిగితే నన్ను పర్మనెంటు చేస్తారు. బొమ్మ ఒక్కసారి ఆగినా ఇంకొకళ్ళని చూసుకుంటామని సూపర్‌వైజరు తేల్చి చెప్పేశాడు."

కూపీ వెంటనే తల్లి చేతిలోంచి ల్యాండ్‌లైను ఫోను రెండు నిమిషాలు అరువడిగి తీసుకుని, ఇంటర్నెట్టు కంపెనీకి చేశాడు. అవతలి కుర్రాడు శ్రద్ధగా విని అడిగాడు.

"మీది పాత ఇల్లా సార్?"

"బాగా పాతది."

"అయితే గదుల్లో పాత టెలిఫోన్ పాయింట్లు ఉండి ఉంటాయి. వాడకపోయినా తీగలు లైనుకే తగిలించి ఉంటాయి. సిగ్నలు వాటన్నిటిలోకీ వెళ్ళి, చివర ఎవరూ లేరని చూసుకుని వెనక్కి వస్తుంది. ఆ వెళ్ళేదీ వచ్చేదీ ఒకదానికొకటి గుద్దుకుంటాయి. అనవసరమైనవి విడదీస్తే స్పీడు పెరుగుద్ది సార్. మనిషిని ఎల్లుండి పంపిస్తాం."

ఎవరూ లేరని చూసుకుని వెనక్కి రావడమన్న మాట కూపీ మనసులో నాటుకుపోయింది. తను కాపురముంటున్న ఇంట్లో, తనకు తెలియకుండా, ఏవో సంకేతాలు రాత్రింబవళ్ళు ఖాళీ గదుల తలుపులు తట్టి వస్తున్నాయన్నమాట.

"ఎల్లుండికి నా ఉద్యోగమే ఉండదు" అంది భార్య.

"నేను చూస్తాలే."

"చూడండి. చూడ్డం వరకే."

కూపీ తలూపి, కళ్ళజోళ్ళ మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు తెచ్చి చెవి మీద పెట్టుకున్నాడు.

ఆ ఇంటికో కథ ఉంది. కట్టించినది ఒక పెద్ద డాక్టరు. సగంలో కాపురం, సగంలో వైద్యం. ఆయన పోయాక వారసులు మధ్యలో గోడ లేపి, రెండు వాటాలు చేసి, ఎవరి ముక్క వాళ్ళు వదిలించుకున్నారు. కాపురమున్న సగం కూపీ కొన్నాడు. వైద్యం జరిగిన సగంలోకి ఈ మధ్యే ఎవరో పళ్ళ డాక్టరు అద్దెకు దిగాడు. ఇంకా పలకరింపులు కూడా కాలేదు. గోడలు ఎంత మందమంటే, సెల్‌ఫోన్లో మాట్లాడాలంటే గేటు దగ్గరికి నడవాలి. అంత గోడలోంచి పళ్ళ మిషను రొద మాత్రం ఎలా దూరి వస్తోందో కూపీ ఇంకా కూపీ లాగవలసే ఉంది.

తీగ వీధి గుమ్మం పక్కనుంచి లోపలికొచ్చింది. దాని మీద ఏళ్ళ తరబడి సున్నాలూ రంగులూ పడి గోడలో గోడైపోయింది. కూపీ గోరుతో గీరుకుంటూ దాని వెంటబడ్డాడు. పడకగదిలో బీరువా వెనక ఒక పాయింటు. వంటగదిలో డబ్బాల అలమర వెనక ఇంకొకటి. తీగ మెట్ల కింద మాయమై, స్నానాలగదిలో తేలింది. అక్కడ కమోడు పక్కన గోడకు, నడుమంత ఎత్తులో, మరో పాయింటు. దీని ఆంతర్యమేమిటో తెలుసుకోవాలని కూపీ మూత దించి దాని మీద కూర్చుని చెయ్యి చాపాడు. సరిగ్గా అందింది. పెద్ద డాక్టరు మీద గౌరవం కలిగింది.

"ఒరేయ్, ఎంతసేపురా లోపల?" అంది తల్లి తలుపు కొట్టి.

"చూస్తున్నానమ్మా."

"అక్కడ చూసేందుకు ఏముందిరా?"

"ఫోనుంది."

తల్లి హాల్లోకి వెళ్ళి, తన ఫోను అక్కడే ఉందో లేదో చూసుకుంది.

చూడ్డం వరకే అన్న మాట అతనికి గుర్తులేక కాదు. కాని పాయింటు మూత విప్పితే తప్ప ఏం కనబడుతుంది? విప్పాక, రెండు తీగల్ని మర వదులు చేసి పక్కకు తప్పిస్తే తప్ప తేడా ఎలా తెలుస్తుంది? ముందు పడకగదిది తప్పించి, సెల్‌ఫోన్లో స్పీడు చూశాడు. పెరిగింది. వంటగదిది తప్పించాడు. ఇంకా పెరిగింది. స్నానాలగదిది తప్పించేసరికి నత్త కాస్తా కుందేలైంది. భార్యను పిలిచి చూపించాడు. ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి, అటూ ఇటూ చేతులు ఆడించి, తన బొమ్మ ఎక్కడా తడబడకపోవడం చూసుకుని, చాలా కాలానికి అతని వైపు ప్రేమగా చూసింది.

"చాలండి. ఇక్కడికి ఆపేయండి. నా మాట విని భోంచేసి పడుకోండి."

ఆ మాట విని ఉంటే ఈ కథ లేదు. భోజనమైతే చేశాడు గాని నిద్ర పట్టలేదు. తీగ స్నానాలగదితో ఆగలేదు. అక్కడినుంచి ఇంకా ముందుకు, సామాన్ల గది వైపు వెళ్ళింది. ఎందుకు వెళ్ళింది? సామాన్ల గదిలో ఎవరితో మాట్లాడేవాడు పెద్ద డాక్టరు? స్పీడు సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. తెలుసుకోకపోతే మాత్రం తోచేలా లేదు.

విరిగిన కుర్చీ, పాత పరుపు పక్కకు లాగితే, పక్కవాటా గోడకు ఆనుకుని చెయ్యంత డబ్బా ఒకటి బయటపడింది. లోపల తీగలు జడలు కట్టి ఉన్నాయి. ముందుగా ఒక జత విడదీశాడు. ఏమీ కాలేదు. అంటే, అతనికి తెలిసి ఏమీ కాలేదు.

హాల్లో అతని తల్లి అప్పుడే తన చెల్లెలికి ఫోనులో ముందురోజు జరిగిన సంగతి చెబుతోంది. "మెట్లు దిగుతున్నానా, ఎక్కణ్ణుంచొచ్చిందో పిల్లి కాళ్ళకి అడ్డం పడి, ఉన్నట్టుండి నా గుండె ఆగి..." అన్నంత వరకు మాట తీగలో వెళ్ళింది. "పోయినంత పనైందే" అన్నది వెళ్ళలేదు. అవతలివాళ్ళు ఊ కొడుతున్నారో లేదో చూసుకునే అలవాటు ఆవిడకు లేదు గనక, పిల్లి రంగుతో సహా మిగతా కథంతా చచ్చిన ఫోనుకే చెప్పింది. నాలుగు వీధుల అవతల చెల్లెలు మాత్రం "అక్కా, అక్కా" అని కాసేపు అరిచి, అంబులెన్సుకు ఫోను చేసి, ఉన్న చీరతో కారెక్కింది.

కూపీ డబ్బాలో ఇంకో జత చూశాడు. వీటికి నూలు బట్ట చుట్టి ఉంది. ఇవి మిగతావాటిలా టెలిఫోను తీగలు కావు. తిన్నగా గోడలోకి దూరిపోయాయి. రెండు కొసలూ స్క్రూడ్రైవరుతో కలిపి చూశాడు. ఎక్కడో, గోడ కడుపులో, ట్రింగుమంది.

అతని ఒళ్ళు పులకరించింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ ట్రింగ్. ఈసారి గోడకు చెవి ఆనించాడు. బెల్లు మోగిన కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, తరవాత అడుగుల చప్పుడు. ఇంకోసారి కలిపాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ అడుగులు. ప్రతిసారీ అదే వరస. ప్రకృతిలో ఏదో నియమం దొరికినట్టు కూపీ బెల్లు మీద బెల్లు కొట్టాడు. కాసేపటికి మిషను రొద ఆగింది. ఎవరో ఆడమనిషి గొంతు లేచింది. దాని మీద మగగొంతు లేచింది. తరవాత దబ్బున తలుపు పడింది.

అవతల ఏం జరిగిందో అతనికి కొద్దిసేపట్లోనే తెలిసింది. ఎందుకంటే అది స్వయంగా నడిచొచ్చి గుమ్మంలో నిలబడింది. తెల్లకోటు, చేతిలో పళ్ళు చూసే చిన్న అద్దం. వెనక భుజాన సంచీ తగిలించుకుని ఒక అమ్మాయి.

"ఏమండీ, మీ ఇంట్లో ఎవరైనా బెల్లు కొడుతున్నారా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఏ బెల్లండీ?" అన్నాడు కూపీ, నిజంగానే తెలుసుకుందామని.

"నా గది గుమ్మం మీద పాత బెల్లొకటుంది. బాగుంది కదాని వాడుకుంటున్నా. నేను కాలితో మీట నొక్కితే మోగుతుంది, మోగితే తరవాతి పేషెంటు లోపలికి రావాలి. ఇవాళ నేను ఒకాయనకి మత్తు సూది వేసి, నోరు తెరిపించి కూర్చుంటే, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వచ్చి చుట్టూ నిలబడుతున్నారు. చూడ్డానికొచ్చిన చుట్టాల్లాగా. ఈ అమ్మాయి పంపిస్తోందనుకుని నాలుగు మాటలన్నాను."

"నాలుగు కాదు" అంది రిసెప్షను అమ్మాయి. "బెల్లు మీరే కొట్టి నన్నంటారేంటండీ అన్నాను. నేను మానేశాను. పేషెంట్లు కూడా రేపొస్తామని వెళ్ళిపోయారు."

కూపీ తల్లి ఆ అమ్మాయి మొహం చూసి, "ముందు కూర్చో తల్లీ, కాస్త కాఫీ తాగు, ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు" అని చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది.

కూపీ సిగ్గుపడుతూ డాక్టరును సామాన్ల గదికి తీసుకెళ్ళి డబ్బా చూపించాడు. డాక్టరు కోపంగా చూశాడు. తరవాత వంగి చూశాడు. తరవాత పాత పరుపు మీద మోకాళ్ళాన్చి చూశాడు.

"ఏదీ, ఇంకోసారి కొట్టండి."

ట్రింగ్.

"భలే ఉందే. అంటే పాత డాక్టరుగారు భోజనం ముగించి, ఇక్కణ్ణుంచే పేషెంట్లని లోపలికి పంపించేవారన్నమాట."

"కూర్చుని చెయ్యి కడుక్కునే లోపు అవతల పేషెంటు సిద్ధం" అన్నాడు కూపీ.

"మరి ఈ పచ్చ తీగ దేనికంటారు?"

"దాన్నే చూద్దామనుకుంటున్నా."

ఇద్దరూ కలిసి చూశారు. డాక్టరు నోట్లో పెట్టే అద్దంతో మూలమూలలు చూపిస్తుంటే, కూపీ విప్పినవాటిని బుద్ధిగా తిరిగి బిగించాడు. ఏది ఎక్కడుండేదో అటూ ఇటూగా గుర్తుంది. చివరి మర బిగించగానే హాల్లో మోడెం మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి, ఒక్కసారే ఆరిపోయాయి.

"ఏవండీ" అని పడకగదిలోంచి వినిపించింది. ఒక్క మాటే. గట్టిగా కూడా కాదు.

భార్య గుమ్మంలోకి వచ్చింది. పరాయి మనిషి ఉన్నాడని నోరు విప్పలేదు. చేతులతో మాట్లాడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కూపీకి సైగల భాష పెద్దగా పట్టుబడలేదు గాని, తనను తిట్టేవి మాత్రం వ్యాకరణంతో సహా అర్థమవుతాయి. డాక్టరుకు ఒక్క ముక్క తెలియకపోయినా, అతనూ తలొంచుకున్నాడు.

తరవాత ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూశాక కూపీకి తీగల మీద ఉన్న ఆసక్తంతా ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఇన్నాళ్ళు ఆ ఉద్యోగం కోసం ఆవిడ పడ్డ పాట్లు ఎరిగినవాడు.

"సెల్‌ఫోన్లో చేద్దాం" అన్నాడు. "గేటు దగ్గర సిగ్నలుంటుంది. పద."

"ఫోను ఎవరు పట్టుకుంటారు? నాకు రెండు చేతులూ కావాలి."

"నేను పట్టుకుంటా. కదిలితే ఒట్టు."

"మీరు వెళ్ళండి, ఇది నేను చూస్తా" అన్నాడు డాక్టరు, డబ్బాలోంచి తల తీయకుండా. అతనికీ అంటుకున్నట్టుంది.

ఇద్దరూ గేటు దగ్గరికి పరుగెత్తారు. కూపీ నీలం దుప్పటిని గేటు ఊచలకు కట్టి, భార్యను దాని ముందు నిలబెట్టి, ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు. లైను కలుస్తోంది, కలుస్తోంది అని తెర మీద ఒక చక్రం తిరుగుతోంది. ఈలోగా పక్క గుమ్మంలోంచి కేకలు వినిపించాయి.

అంబులెన్సు వచ్చి ఆగి ఉంది. ఈ ఇంట్లో ఎవరికో గుండె ఆగిందని ఫోనొస్తే వచ్చిన ఇద్దరు మనుషులు, ఒకే ఇంటికి రెండు గుమ్మాలు చూసి, ఆసుపత్రి బోర్డున్న దాంట్లోకి వెళ్ళారు. లోపల డాక్టరు లేడు, రిసెప్షనులో అమ్మాయీ లేదు. కుర్చీలో వెల్లకిలా ఒక భారీ మనిషి, మూతి ఒక పక్కకు జారి, చొంగ కారుతూ కనిపించాడు. ఆయన్ని స్ట్రెచరు మీదకెత్తి బయటికి తెస్తున్నారు.

"ఆఏ ఆఏఉ" అంటున్నాడాయన.

"గుండె అని చెప్పారు, ఇది పక్షవాతంలా ఉందే" అన్నాడు ముందున్నవాడు.

"రెండూ వచ్చి ఉంటాయి. మాట పడిపోయింది చూడు. త్వరగా ఎక్కించు."

వాళ్ళ వెనకే మెడలో టేపుతో, నెరిసిన జుట్టుతో ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి, అడ్డంగా నిలబడి, రెండు చేతులూ ఆడిస్తున్నాడు. "ఈయనకీ ఏదో అయింది, చేతులు కొట్టుకుంటున్నాడు" అన్నాడు వెనకున్నవాడు. "ఇంకో బండికి చెప్పాలి."

కూపీ భార్య తిరిగి చూసింది. ఒక్క క్షణం. దుప్పటినీ ఫోనునూ వదిలేసి ఆ పెద్దాయన ఎదుటికి వెళ్ళి, చేతులెత్తి ఏదో అడిగింది. ఆయన మొహం వానకు తడిసిన మొక్కలా తేటపడింది. ఆయన చేతులు చెబుతుంటే ఆవిడ నోరు చెబుతూ పోయింది.

"ఈయన దర్జీ. చెవులు వినపడవు. పన్ను చూపించుకుందామని వచ్చి కూర్చున్నారట. అందరూ ఎందుకు లోపలికెళ్ళారో, ఎందుకు బయటికెళ్ళారో ఈయనకి తెలీదు. కాని మీరు మోసుకెళ్తున్న ఆయన మాత్రం తన కాళ్ళ మీద నడిచే వచ్చాడట. మత్తు సూది వేశారట. మూతి వంకర దానికేనట. పక్షవాతం కాదట. ఇంకోమాట చెప్తున్నారు. అలా కాలరు పట్టి ఎత్తొద్దట. కుట్లు ఊడతాయట."

స్ట్రెచరు మీది మనిషి తల అదేపనిగా ఊపాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"మరి గుండె ఆగిందెవరికి?" అన్నాడు ముందున్నవాడు స్ట్రెచరు దించి.

జవాబుగా ఒక కారు వచ్చి ఆగింది. అందులోంచి కూపీ పిన్ని ఏడుస్తూ దిగి, గేటు దగ్గరి నీలం దుప్పటి చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. అంతలో కాఫీ కప్పుతో ఆవిడ అక్కగారే మెట్ల మీదికొచ్చింది.

"అదేంటే, ఏడుస్తూ వచ్చావు? పిల్లి సంగతంతా ఫోనులోనే చెప్పాను కదే."

"అక్కా, నీ గుండె ఆగిపోయిందన్నావు."

"ఆగిపోయినంత పనైందన్నాను. పోయిందన్నానా?"

"'ఆగి' దగ్గర ఆపేస్తే నేనేమనుకోవాలి?"

అంబులెన్సు మనుషులు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తరవాత, ఎవరూ చెప్పకుండానే, చెవి మీద స్క్రూడ్రైవరున్న మనిషి వైపు చూశారు.

కూపీ వాళ్ళను చూడటం లేదు. కదలనని ఒట్టేసిన ఫోనునే చూస్తున్నాడు. చక్రం తిరగడం ఆగి, లైను కలిసింది. తెర మీద ఎవరిదో క్లినిక్. ఎత్తు కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ వెనక కిటికీ, కిటికీలోంచి ఒక గేటు, గేటుకు నీలం దుప్పటి. దుప్పటి ముందు ఎవడో మనిషి ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. ఇతన్ని ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాడు కూపీ. పరీక్షగా చూద్దామని మెడ పక్కకు వంచాడు. తెరలో మనిషీ మెడ వంచాడు. చెయ్యి ఎత్తాడు. వాడూ ఎత్తాడు.

"ఒకసారి ఇటు రా" అన్నాడు మెల్లగా భార్యతో.

అప్పుడే పళ్ళ డాక్టరు, కోటు నిండా బూజుతో, గెలిచినవాడి మొహంతో బయటికొచ్చాడు. "ఆ పచ్చ తీగ ఏమీ లేదండీ, ఉత్తదే" అని, గడియారం చూసుకుని ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, మూడు దాటింది. ఈ దర్జీగారి కోసం ఒక దుబాసీని కుదుర్చుకున్నాను. వీడియోలో వస్తుందంటే, కుర్చీ ఎదురుగా ల్యాప్‌టాప్ కూడా తెరిచి పెట్టా. ఆవిడ పాపం ఎక్కడో కూర్చుని నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది."

భార్య కూపీ చేతుల్లోంచి ఫోను అందుకుని, తెర చూసి, కిటికీ చూసి, డాక్టరు వైపు తిరిగింది.

"నేనేనండి" అంది.

ఆ తరవాత పని ఇట్టే అయిపోయింది. ఆవిడ కుర్చీ పక్కనే నిలబడింది. దర్జీకి ఎప్పుడు నోరు తెరవాలో, ఎప్పుడు పుక్కిలించాలో, ఎందుకు బెంగపడక్కర్లేదో ఒక్కొక్కటీ తీరిగ్గా చెప్పింది. దర్జీ కూడా, చాలాకాలానికి మాట్లాడే మనిషి దొరికినందుకు, పన్ను సంగతితో మొదలుపెట్టి డాక్టరు కోటు చేతులు పొడుగయ్యాయనే దాకా వెళ్ళాడు. డాక్టరు రిసెప్షను అమ్మాయికి అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ బెల్లు ఊడబీకితేనే వస్తానని ఆ అమ్మాయి షరతు పెడితే, ఆ భాగ్యం తనకివ్వమని కూపీ అడిగాడు గాని ఎవరూ ఒప్పుకోలేదు. పిన్ని, అమ్మ ఎదురెదురుగా కూర్చుని పిల్లి కథ మొదట్నుంచి చెప్పుకున్నారు. ఈసారీ ఒకరి మాట ఒకరు వినలేదు.

సాయంత్రం గేటు దగ్గర సెల్‌ఫోను మోగింది. సూపర్‌వైజరు.

"మేడం, క్లినిక్ డాక్టరుగారు మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారండి. ఒక్కసారి కూడా ఆగలేదట, మసకబారలేదట. పక్కనే నిలబడి చెప్పినట్టుందట. మిమ్మల్ని పర్మనెంటు చేస్తున్నాం. ఇంత క్లారిటీ మా వాళ్ళెవరికీ రావట్లేదు మేడం. ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. మీ ఇంటర్నెట్టుకి ఏం చేశారు?"

ఆవిడ లోపలికి చూసింది. మొగుడు చంకనిండా తీగల చుట్టతో, ఇంకేదో గోడ వైపు కుతూహలంగా నడుస్తున్నాడు.

"పీకేశామండి" అంది.